రాలేదన్న నేరం

వెనకటికి ఒక రాజ్యంలో వరదలకు కోట దారి తెగిపోతే, రాజుగారు గుమాస్తాలందరికీ ల్యాప్‌టాప్‌లు ఇచ్చి ఇళ్ళ నుంచే పని చేయమన్నారు. ధాన్యం లెక్కలు రాసే నూకరత్నాన్ని మాత్రం ఆమె ల్యాప్‌టాప్ కోట నెట్‌వర్క్‌లోకి పోనివ్వలేదు. ఎప్పటి పాస్‌వర్డే కొట్టినా తప్పంటుంది. ఆపి మళ్ళీ పెట్టింది, కిటికీ దగ్గరికి జరిపింది. తన పేరు తనకే గుర్తు లేదేమోనని అనుమానం వచ్చిందామెకు.

యంత్రాధికారి మార్తాండయ్యకు ఫోన్ చేస్తే, "పాస్‌వర్డ్ మార్చాను. కొత్తది నీ ల్యాప్‌టాప్‌కే పంపాను, లాగిన్ అయి చూసుకో" అన్నాడు.

లాగిన్ కావడానికే కదా అది కావాలి! అనుకుంది నూకరత్నం.

వరద తీయగానే మార్తాండయ్య ఆమెను రాజుగారి ముందు నిలబెట్టాడు.

"ప్రభూ, ఈవిడ ఒక్కనాడూ పనికి రాలేదు. కొలువు నుంచి తీసేయండి."

"రాలేదని మీకెలా తెలుసు బాబూ?" అంది నూకరత్నం.

"ఎలా తెలుసా? పొద్దస్తమానం తప్పు పాస్‌వర్డ్ కొడుతూనే ఉన్నావుగా! రోజూ నా తెర మీద చూస్తూనే ఉన్నాను."

"చిత్తం. అంటే నేను రోజూ వచ్చి తలుపు కొట్టడం మీరు కళ్ళారా చూశారు. మరి రాలేదంటారేమిటండీ?"



రాజుగారు లేచి నిలబడ్డారు. "ఆమె పనికి వచ్చింది మార్తాండయ్యా, రానిది నువ్వే. వెళ్ళి వాళ్ళింటి అరుగు మీద కూర్చో. ఆ ల్యాప్‌టాప్ తెరుచుకున్నాకే కోటలో అడుగుపెట్టు."