సింహంగారు వస్తున్నారన్న వార్త

ఇసకవాగుకి ఇవతల జంతువులు కాపురముండే రెల్లుపాడు అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్లో చెప్పుకోదగ్గది ఏదైనా ఉందంటే అది గ్రంథాలయమే. ఎప్పుడో మనుషులు వదిలేసి వెళ్లిన పెంకుటింటిని బాగుచేసుకుని, దొరికిన పుస్తకాలన్నీ అందులో చేర్చుకున్నారు. దాని ఆలనాపాలనా మంగతాయారు అనే గేదె చూసేది. అరుగు మీద ఒక నల్లబల్ల ఉండేది. ఊళ్లో ఏం జరిగినా, ఏం జరగబోతున్నా తాయారు సుద్దముక్కతో దాని మీద రాసిపెట్టేది. సాయంత్రం చదువొచ్చినవాళ్లు చదువుకునేవారు, రానివాళ్లు చదివించుకునేవారు. బల్ల మీదికి ఎక్కిన మాటని రెల్లుపాడులో ఎవరూ శంకించేవారు కాదు.

ఏటా చలి మొదలయ్యే రోజుల్లో గ్రంథాలయ వారోత్సవాలు జరిగేవి. ఎలుగుబంటి భూషయ్య కథలు చెప్పేవాడు. కుందేళ్లు కలిసి పాటలు పాడేవి. ముళ్లపంది సైతం ఏదో ఒక పద్యం అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకునేది. గవర్రాజు అనే నక్కని మాత్రం ఏ ఏడూ ఎవరూ వేదిక మీదికి పిలవలేదు. అతనికి పాట రాదు, కథ రాదు, మాటలు తప్ప మరేమీ రావు. అందరితోపాటు చాప మీద కూర్చుని, అందరికీ చప్పట్లు కొట్టి, మొహం వేలాడేసుకుని ఇంటికి పోయేవాడు.

ఆ ఏడు తాయారు ముగింపు సభ సంగతి బల్ల మీద రాస్తుండగా గవర్రాజు పక్కకొచ్చి నిలబడ్డాడు. ముఖ్య అతిథి ఎవరని అడిగాడు. ఎవరూ కుదరలేదనీ, మనలో మనమే జరుపుకుందామనుకుంటున్నామనీ ఆమె చెప్పింది.

“సింహంగారు వస్తున్నారు కదా, తాయారమ్మగారూ. నేనే పిలిచాను. నా మాట ఆయన కాదనరు.”

ఆ మాట నోట్లోంచి ఊడిపడేదాకా తను అలా అంటానని గవర్రాజుకే తెలీదు. సింహం వాగుకి అవతల కొండ మీద ఉంటుంది. అది ఇటు వేటకి రాకూడదనీ, ఇటువాళ్లు అటు వెళ్లకూడదనీ పెద్దలనాటి ఒప్పందం. తాయారు నెమరు వేయడం ఆపి అతని మొహంలోకి చూసింది. ఏమీ అడక్కుండా, సభకి సింహంగారు వస్తున్నారనీ, పిలిచినవారు గవర్రాజు అనీ రాసేసింది.

మర్నాటికి ఊరు ఊరంతా గవర్రాజు పేరే. కోతులు ఎదురొచ్చి పలకరించాయి. భూషయ్య తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పిల్లల సంగతేమిటని కుందేళ్లు దిగులుపడితే, నేనుండగా మీకేం భయం లేదని గవర్రాజు ధైర్యం చెప్పాడు. సింహం తనని తమ్ముడిలా చూసుకుంటుందని కూడా ఒక మాట కలిపాడు. లోపల అతని లెక్క అతనికుంది. సభ రోజున సింహంగారికి పడిశం పట్టిందని చెప్పి, ఆయన పంపిన సందేశమంటూ తనే వేదికెక్కి నాలుగు మాటలు మాట్లాడతాడు. అంతే, కోరిక తీరుతుంది.

తాయారు మాత్రం తన మర్యాద తను పాటించింది. పిలిచినవాడు మనవాడే అయినా ఊరి తరఫున ఒక మాట చెప్పడం బాగుంటుందని, ఎగిరే పక్షికి ఆ ఒప్పందం అడ్డు కాదు గనక సన్యాసి అనే కాకిని కొండ మీదికి పంపింది. మర్నాడు సాయంత్రం అందరూ అరుగు ముందు వార్తలు వింటూ ఉండగా సన్యాసి వచ్చి చూరు మీద వాలాడు.

“సింహంగారు తప్పకుండా వస్తానన్నారు. కడుపు నిండా తినే బయల్దేరతారట, ఎవరూ భయపడనక్కర్లేదన్నారు. గవర్రాజు మాత్రం ఉండాలట. అతన్ని కళ్లారా చూడాలన్నారు.”

అందరూ గవర్రాజు వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. జన్మలో మొదటిసారి అతనికోసం మోగిన చప్పట్లవి. అతనికి ఒక్కటీ వినపడలేదు. వాగెండిపోయిన ఒక వేసవిలో, ఆకలికి తాళలేక ఒప్పందం దాటి కొండెక్కి, సింహం గుహ ముందున్న దుప్పి తొడ నోటకరుచుకుని పారిపోయి వచ్చాడతను. వెనకనుంచి వినపడిన గర్జన ఇప్పటికీ కలలోకి వస్తుంది. కళ్లారా చూడాలనడం అందుకేనని అతనికి ఖాయమైపోయింది.

మర్నాడు తాయారు దగ్గరికి పోయి, సభ వాయిదా వేస్తే మంచిదన్నాడు. సింహంగారు పెద్దవారయ్యారు, వాగు నీళ్లు చల్లగా ఉన్నాయి, దిగితే జబ్బు చేస్తుందన్నాడు. మనవల్ల ఆయనకి ఏదైనా అయితే ఊరికే మాటొస్తుందని కూడా అన్నాడు. తాయారు అంతా విని, చేతిలో పుస్తకం పక్కన పెట్టింది.

“గవర్రాజూ, నాతో చెప్పాల్సింది ఏమైనా ఉందా? ఉంటే ఇప్పుడు చెప్పు. ఏం చేయాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.”

ఆ గొంతులో కోపం లేదు. చెప్పేద్దామని గవర్రాజు నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే చాపలు మోసుకుంటూ అటు వచ్చిన భూషయ్య, వేదిక మీద సింహంగారి పక్క ఆసనం నీకే వేస్తున్నాం అని నవ్వుతూ చెప్పి వెళ్లాడు. గవర్రాజు నోరు మళ్లీ మూతపడింది. చెప్పడానికేమీ లేదని తల ఊపి వచ్చేశాడు.

సభ రోజున అందరూ మామిడాకులు కడుతుంటే, తోరణాలకి ఇంకో నాలుగు మండలు తెస్తానని చెప్పి ఊరు దాటాడు. జిల్లేడు పొదల వెనక దూరి, తోక కాళ్లకింద దాచుకుని కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా గ్రంథాలయం వైపునుంచి పెద్ద గర్జన వినిపించింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆ వెంటనే పిల్లల నవ్వులు వినిపించాయి. మళ్లీ గర్జన, మళ్లీ నవ్వులు. ఏం జరుగుతోందో అతనికి అంతుపట్టలేదు. వెళ్లి చూసే ధైర్యం చాల్లేదు.

తెల్లారాక సన్యాసి ఊరంతా వెతికి, చివరికి ఆ పొదల దగ్గర అతన్ని పట్టుకుని జరిగిందంతా చెప్పాడు. సింహంగారు వాగులో కాళ్లు కడుక్కుని మరీ అరుగెక్కారట. నిన్న మొన్నటి కుందేలు పిల్లలకి గర్జించడం ఎలాగో నేర్పారట. అవి కీచుకీచుమంటే ఊరంతా కడుపుబ్బ నవ్విందట. ఆ తర్వాత ఆయన మాట్లాడుతూ, కొండ మీద నేనున్నానని భయపడినవాళ్లే తప్ప, గవర్రాజు పిలిచేదాకా ఒక్కసారి రమ్మన్నవాళ్లు లేరని చెప్పారట.

“నిన్ను వేదిక మీదికి పిలిపించమన్నారు. నీ పక్కన కూర్చునే మాట్లాడాలని ఆయన కోరిక. మేం ఎంత పిలిచినా నువ్వు పలకలేదు. సభ అయ్యేదాకా ఆ ఆసనం అలాగే ఖాళీగా ఉంచారు.”

గవర్రాజు పొదలోంచి తల బయటపెట్టాడు.

“కోపంగా అడిగారా?”

“కోపమెందుకు? నువ్వొస్తావేమోనని సభ అయ్యేదాకా దారి వైపే చూశారు.”

“మరి ఆ దుప్పి తొడ సంగతేమైనా ఎత్తారా?”

“ఏ దుప్పి తొడ?” అన్నాడు సన్యాసి మెడ పక్కకి వాల్చి.

గవర్రాజు తోక దులుపుకుంటూ లేచాడు. వచ్చే ఏడు ఎవరు పిలుస్తారని సింహంగారు అడిగితే, ఈసారి ఊరే పిలుస్తుందని తాయారమ్మ మాటిచ్చిందనీ, ఇక నీకు ఆ శ్రమ లేదనీ చెప్పి సన్యాసి ఎగిరిపోయాడు.

అబద్ధాన్ని నమ్ముకున్నవాడు, మంచి నిజమే తనని వెతుక్కుంటూ వచ్చినా దానికి భయపడి పారిపోతాడు.