ఇంటికో బారెడు గట్టు

అనగనగా ఒక రాజు. మన తాతల తాతలకి ఇంకా పేర్లు కూడా పెట్టని రోజుల్లో మాట ఇది, కాబట్టి నిజమా అని అడక్కుండా ఊ కొట్టండి. ఆ రాజు పేరు ఉదయకేతుడు. ఆయన రాజ్యం పాయలదీవి. పెద్ద నది సముద్రంలో కలిసేముందు రెండు పాయలుగా చీలుతుంది కదా, ఆ రెండు పాయల మధ్య నేలే రాజ్యమంతా. ఎంత చిన్నదంటే, ఈ చివర ఎవరైనా మిరపకాయల తాలింపు వేస్తే ఆ చివర వాళ్లు తుమ్మేవారు.

చిన్నదైతేనేం, దానికో పద్ధతుంది. చుట్టూ నీళ్లే కాబట్టి చుట్టూ మట్టిగట్టు ఉండాలి. ఆ గట్టులో ఇంటికో బారెడు. ఎవరి బారెడు వాళ్లే ఎత్తుకోవాలి, ఎలక బొరియలూ పీత బొరియలూ వాళ్లే పూడ్చుకోవాలి. రాజుగారికీ ఓ బారెడుంది, నది వచ్చి గుద్దే మలుపు దగ్గర. ఏటా వానలకి ముందు రాజుగారు పంచె ఎగ్గట్టి తట్ట మోస్తుంటే, పక్క బారెడు కుమ్మరి సోమయ్య మీ వైపు పల్లంగా ఉంది, ఇంకాస్త పోయండి అని గదమాయించేవాడు. రాజుగారు నోరు మూసుకుని పోసేవారు.

అలాంటి గట్టు వరసగా మూడేళ్లు తెగింది. నది ముందెన్నడూ లేనంత ఎత్తున వచ్చిపడింది. మొదటి ఏడు పంట పోయింది. రెండో ఏడు పశువులు పోయాయి. మూడో ఏడు మనుషులే పోయారు.

అప్పుడు ఎగువనున్న భూరిసేన చక్రవర్తి దగ్గర్నుంచి దూత వచ్చాడు. ఆ చక్రవర్తి అప్పటికే మూడు రాజ్యాల్ని తన రాజ్యంలో కలిపేసుకున్నాడు. ఆయన కొలువులో శిలాకంఠుడనే మాంత్రికుడున్నాడు. వాడు ఓ మంత్రం చదివితే చాలు, నది పొడుగునా నున్నటి రాతిగోడ లేచి నిలబడుతుంది. మీ రాజ్యాన్నీ మా దాంట్లో కలిపేయండి, వానలకి ముందే గోడ లేస్తుంది, ఇక మీ జెండాతోనూ తట్టలతోనూ మీకు పనే ఉండదు అన్నాడు దూత.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు కలిపేద్దామన్నాడు. వాడిది పిరికితనం అనుకోకండి. మొన్నటి వరదలో నీళ్లలో దిగి తొమ్మిదిమంది పిల్లల్ని ఒడ్డుకి లాక్కొచ్చింది వాడే. పదో పిల్ల చెయ్యి వాడి చేతిలోంచే జారిపోయింది. "నాన్నగారూ, ఆ పిల్ల తల్లికి జెండా చూపించి ఏం చెప్పమంటారు?" అన్నాడు. రెండోవాడు రణకేతుడు యుద్ధం చేద్దామన్నాడు. వాడెప్పుడూ అదే అంటాడు, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మూడోవాడు సుకేతుడు మాత్రం, ముందు కలిసినవాళ్లు ఎలా ఉన్నారో కళ్లారా చూసొస్తాను, అప్పుడు తేల్చుకుందాం అన్నాడు. సరే, వానల్లోపల రమ్మన్నారు రాజుగారు.

సుకేతుడు నది వెంట ఎగువకి నడిచాడు. నడిచీ నడిచీ రాతిగోడ దగ్గరకి చేరాడు. అద్దంలా ఉందది. కానీ ఓ చోట అడుగున చెమ్మగా ఉంది, సన్నటి బొరియలోంచి నీరు ఊరుతోంది. పాయలదీవిలో పుట్టినవాడు అలాంటిది చూసి ఊరుకోగలడా? బొరియలో ఉన్న పీతని మెల్లగా బయటికి తీసి పక్కన పెట్టాడు. బురద పిసికి కూరాడు.

"ఎవరు నువ్వు? గోడ ముట్టుకుంటే శిక్ష పడుతుందని తెలీదా?" అంటూ ఒకమ్మాయి గుర్రం దిగింది. ఆమె పేరు తరళ, చక్రవర్తి కూతురే. తండ్రి తరఫున ఆ సీమని ఏలుతోంది. సుకేతుడు బురద చేతులు చూపించి, నీరు కారుతుంటే పూడ్చాను, తప్పా అనడిగాడు. ఆమెకి కోపం పోయి ఏడుపొచ్చింది. కిందటేడు ఇలాగే ఓ చోట కారితే రాజధానికి కబురు పంపిందట. గోడ బాగుచెయ్యొచ్చు అనే అనుమతి తీరిగ్గా వచ్చేసరికి అక్కడ ఊరే లేదట. అంతమంది జనం గోడ పక్కనే ఉండీ చూస్తూ నిలబడ్డారట, ముట్టుకోకూడదు కాబట్టి. ఇప్పుడు ముట్టుకోవచ్చన్నా ఎలా పూడ్చాలో ఎవరికీ చేతకాదు.

ఆమె వెళ్లాక పక్కనున్న పీత గొంతు సవరించుకుంది. పీతలకి గొంతుంటుందా అని అడగొద్దన్నానుగా. "నా ఇల్లు పాడుచేశావు గానీ నన్ను తొక్కలేదు, అందుకని ఓ మాట చెబుతా" అంది. ఈ గోడ నదిని ఇరుకున పెట్టి పిసికేస్తోందట. ఇక్కడ ఇరుకైన నీళ్లే దిగువన ఎత్తుగా లేచి పాయలదీవి గట్టుని కొడుతున్నాయట. అంటే వరద తెచ్చిందీ ఆ శిలాకంఠుడే, వరదకి మందు అమ్మేదీ వాడే. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఓ చిలకలో ఉంది. ఆ చిలక తుమ్మినప్పుడల్లా ఇక్కడ గోడకి చెమట పడుతుంది.

సుకేతుడికి ఒళ్లు మండిపోయింది. పీతని తలపాగాలో పెట్టుకుని అప్పటికప్పుడు బయల్దేరాడు. సముద్రం ఒడ్డున ఓ ముసలి గూడబాతు, సంచినోటి పెద్ద పక్షి, కనిపించింది. గోడలొచ్చాక లోతులేని నీళ్లు పోయి చేపలు దొరక్క ఎండిపోయి ఉంది పాపం. సంగతి విని, ఎక్కు నాయనా అంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. ఏడో సముద్రం దాటేసరికి గూడబాతుకి రెక్కలూ, సుకేతుడికి నడుమూ పడిపోయాయి.

అక్కడో రాతిదీవి, దానికి మూడు కాపలాలు. మొదటిది రాతిసింహం. పీత వెళ్లి దాని చెవిలో దూరి గోకింది. సింహం పాపం నవ్వలేక, ఆపుకోలేక, పడి దొర్లింది. రెండోది సలసల కాగే మడుగు. గూడబాతు తన సంచినోటి నిండా సముద్రం తెచ్చి పోసి, పోసి, పోసి చల్లార్చింది. మూడోది పంజరం. దాని తలుపు లోపలున్న చిలక తీస్తేనే వస్తుంది.

చిలక సుకేతుణ్ని ఎగాదిగా చూసింది. "మెడ నులిమేద్దామని వచ్చావు కదూ. నులుము. కానీ నాతోపాటు ఆ మాంత్రికుడు పోయిన క్షణాన గోడలన్నీ పోతాయి. రేపు వానలొస్తే ఆ మూడు రాజ్యాల్లో గోడ వెనక తట్టెడు మట్టి లేదు. లక్షలమంది పోతారు."

సుకేతుడు అక్కడే కూలబడ్డాడు. తన రాజ్యం బతకాలంటే వాళ్లు మునగాలి. వాళ్లు బతకాలంటే తన రాజ్యం పోవాలి. చివరికి లేచాడు. "ఆ గోడ వెనక మట్టిగట్టు వేయిస్తాను, నదికి చోటు వదిలి, దూరంగా. అది పూర్తయ్యేదాకా నువ్వు బతికుండాలి. ఆ తర్వాత కూడా నువ్వు చావక్కర్లేని దారేదైనా ఉందా?"

ఇన్నేళ్లలో తన బతుకు గురించి ఎవరూ అడగలేదు కాబోలు, చిలక కాస్త తడబడింది. మాంత్రికుడి ప్రాణం తన గొంతులో జామగింజలా ఉందనీ, ఉమ్మేస్తే వాడొక్కడే పోతాడనీ, కానీ వాడంటే భయమనీ చెప్పింది. భయం పోయినప్పుడే ఉమ్ము, నేను బలవంతపెట్టను అన్నాడు సుకేతుడు. చిలక తలుపు తీసి సుకేతుడి భుజమెక్కింది.

పాయలదీవికి తిరిగొచ్చి సంగతంతా చెబితే జనం ముందు ఒప్పుకోలేదు. మనల్ని ముంచినవాళ్లకి మనం గట్టు వెయ్యాలా అన్నారు. అప్పుడు జయకేతుడు, కలిపేద్దామన్న పెద్దకొడుకే, తట్ట తీసి నెత్తిన పెట్టుకుని ఎగువకి నడిచాడు. కుమ్మరి సోమయ్య అతని వెనక నడిచాడు. ఆ వెనక ఊళ్లకి ఊళ్లే కదిలాయి. పార ఎలా పట్టాలో, మట్టి ఎలా తొక్కాలో ఇంటింటికీ నేర్పారు. తరళ తండ్రి ఆజ్ఞ కోసం చూడకుండా మొదటి బారెడు తానే తీసుకుంది. తొలిరోజు ఆమె వేసిన మట్టి సాయంత్రానికి జారిపోయింది. మర్నాడు మళ్లీ వేసింది.

శిలాకంఠుడు వచ్చి చూసి నవ్వాడు. నా చిలక మీ దగ్గరుంటే మాత్రం నులమలేరుగా అని ఎగతాళి చేశాడు. ఆ తర్వాత గట్టు మోకాలెత్తు లేచింది, నడుమెత్తు లేచింది, తలెత్తు లేచింది. ఇక వాడికి నవ్వు రాలేదు. మబ్బుల్ని ముందే పిలిచాడు. వాన కుండపోతగా మొదలైంది. గట్టంతా కలిసింది గానీ ఒక్కచోట సందు మిగిలింది. సుకేతుడు నెత్తిన తట్టతో అటే పరుగెడుతుంటే మాంత్రికుడు డేగై వాలి, అతని భుజం మీది చిలకని తన్నుకుపోయాడు.

తట్ట పారేసి వెంటపడితే డేగ చిక్కేదేమో. కానీ సందులోంచి నీళ్లు అప్పుడే తోసుకొస్తున్నాయి. సుకేతుడు ఆగలేదు. సందులో దిగాడు, తట్ట బోర్లించాడు. ఇటు జయకేతుడు, అటు తరళ పోశారు. ముగ్గురూ ఎక్కి తొక్కారు. గట్టు కలిసిపోయింది.

పైనుంచి చిలక అదంతా చూసింది. డేగ గోళ్లలో ఉండగానే, గింజని తుపుక్కున ఉమ్మేసింది. డేగ ఇసకై రాలిపోయింది. రాతిగోడలన్నీ ఒక్కసారిగా కరిగాయి. నది వెడల్పుగా పరుచుకుని, వచ్చి గట్టుని కొట్టింది. కొట్టిన చోటల్లా అటూ ఇటూ బారెళ్లవాళ్లు పిలవకుండానే పరుగెత్తుకొచ్చారు. మూడు రోజులు ఎవరూ ఇంటికి పోలేదు. గట్టు నిలబడింది. మాంత్రికుడి ఇసక దేనికీ పనికిరాక అక్కడే ఉండిపోయింది.

వరద తీశాక భూరిసేన చక్రవర్తి ఏనుగెక్కి వచ్చాడు. మోచేతులదాకా మట్టితో ఉన్న కూతుర్ని ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక, ఆమె సుకేతుణ్ని చూసే చూపు కూడా గుర్తుపట్టాడు. ముసలాయన సంతోషించి, ఇంకేం, పెళ్లి చేద్దాం, పెళ్లితోపాటు రెండు రాజ్యాల్నీ ఒకటి చేసేద్దాం, ఇప్పుడు మాంత్రికుడూ లేడు, అడ్డమేముంది అన్నాడు. తియ్యగా అడిగినా అడిగింది అదే.

జవాబు తరళే చెప్పింది. "నాన్నగారూ, ఈయన్ని చేసుకోమని నన్నెవరూ తొయ్యలేదు. అందుకే చేసుకుంటున్నాను. రాజ్యాలు కలవాలో వద్దో ఆ నేలమీద ఉన్నవాళ్లు చెప్పాలి. మీరు ఆ మూడు రాజ్యాల్నీ ఎప్పుడైనా అడిగారా?"

పాయలదీవి వాళ్లు అక్కడికక్కడే చెప్పేశారు, గట్లు కలిపి ఉంచుతాం, ఏలుబడి మాత్రం మాదే అని. జయకేతుడు కూడా వాళ్లతోనే చెయ్యెత్తాడు. పెళ్లి వైభవంగా జరిగింది. గూడబాతు చేపలతో, చిలక జామపళ్లతో కడుపు నింపుకున్నాయి. పీతకి కొత్త ఇల్లు చూపించారు, గట్టుకి బాగా దూరంగా. రాజుగారి తర్వాత సుకేతుడూ తరళా అన్నల అండతో, ప్రజల మాట వింటూ, పాయలదీవిని జుట్టు నెరిసేదాకా చల్లగా ఏలారు.

చక్రవర్తి మాత్రం పెళ్లి నుంచి నేరుగా ఆ మూడు రాజ్యాలకీ వెళ్లాడు. ఏనుగు దిగి, జనం మధ్య నిలబడి, ఉంటారా పోతారా అని అడిగాడు. అడగడం ఆయనకి అదే మొదటిసారి. రెండు రాజ్యాలు పోతామన్నాయి. వాళ్ల జెండాలు వాళ్లకి ఇచ్చేశాడు. మూడోది ఆలోచించుకుని, మీతోనే ఉంటాం అంది. ఆ రోజు ఆయన పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఎన్నో దేశాలు గెలిచిన ఆ చక్రవర్తి, బతికినన్నాళ్లూ నాది అని గర్వంగా చెప్పుకున్నది ఆ ఒక్క రాజ్యాన్నే.