ఓబులేసు మంచం దగ్గరికి నెట్

ఓబులేసు లేచి నడవలేకపోయిన రోజు నుంచి దస్తగిరికి ఒకటే ఆలోచన. ఆఫీసు గదిలో ఉన్న నెట్‌ని ఆ మనిషి మంచం దగ్గరికి తేవడం ఎలా?

రాయచోటి దాటి కొండ వెనక్కి వెళ్తే జమాల్ సాహెబ్ ఉండే చోటు వస్తుంది. ఆయన ఫకీరు. అయినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని సాహెబ్ మఠం అనే అంటారు. పెద్దాసుపత్రుల్లో "ఇక ఇంటికి తీసుకుపోండి" అనిపించుకున్నవాళ్లలో ఇల్లు లేనివాళ్లు, ఇంట్లో చూసే దిక్కు లేనివాళ్లు అక్కడికి చేరతారు. ఎనిమిది మంచాలున్న పొడవాటి గది ఒకటి, ఎదురుగా వాకిలి, వాకిలికి అవతల ఆఫీసు గది, వంటిల్లు. గోడలు పాతకాలపు రాతి గోడలు, బారెడు మందం. కొండ అడ్డం రావడంతో అక్కడ సెల్ ఫోన్లకి సిగ్నల్ లేదు. బయటి లోకంతో మాట్లాడాలంటే ఆఫీసు గదిలోని వైఫై డబ్బా ఒక్కటే ఆధారం. దాని సిగ్నల్ వాకిలి సగం దాకా వచ్చి ఆగిపోతుంది.

దస్తగిరి రాయచోటిలో పద్నాలుగేళ్లు కంప్యూటర్ నేర్పే సెంటర్ నడిపినవాడు. అది మూతపడ్డాక సాహెబ్ దగ్గరికి వచ్చి, "అన్నీ వదిలేసి వచ్చాను, నన్ను శిష్యుడిగా ఉంచుకోండి" అన్నాడు. బయట ఆటోలో ఒక కంప్యూటర్ ఉంది. సాహెబ్ దానివంక చూసి, "దాన్ని కూడా దించుకో నాయనా, ఎండలో ఉంది" అన్నాడు.

రెండేళ్లు గడిచాయి. దస్తగిరి మనిషి మంచివాడు, అందులో సందేహం లేదు. రోగుల పక్క బట్టలు ఉతికాడు, పుండ్లు కడిగాడు. ఆ పనుల్లో ఉన్నప్పుడు ఉండే వినయం మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటే ఉండేది కాదు. అక్కడ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఓబులేసు రాళ్ల క్వారీలో పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాడు. నలభై నిండలేదు. భార్య నాగరత్న కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉంది. ఆమె ఒప్పందం తీరడానికి ఇంకా నాలుగు నెలలుంది, పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ల దగ్గరుంది. ఓబులేసుకి నాలుగు నెలలు లేవని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. ప్రతి శుక్రవారం మన గడియారం మూడున్నర కొట్టాక ఆ ఇంటి యజమానురాలు తన ఫోను నాగరత్న చేతికిస్తుంది. నాలుగింటికి తీసేసుకుంటుంది. మధ్యలో ఎవరు చేసినా ఎత్తదు. ఆ అరగంటే ఆ ఇద్దరి కాపురం.

మొన్నమొన్నటిదాకా ఓబులేసు గోడ పట్టుకుని, నాలుగుచోట్ల ఆగి, ఆఫీసు గదికి తనే నడిచి వెళ్లేవాడు. గట్టిగా అరవై అడుగులుండదు ఆ దూరం. పోయిన శుక్రవారం లేవలేకపోయాడు. ఆ వారం మాట లేకుండా పోయింది.

గురువారం పొద్దున జమాల్ సాహెబ్ ఓబులేసు పక్కన కూర్చుని, "రేపు నీ మంచం ఎత్తి ఆఫీసు గదిలో పెడదామా?" అని అడిగాడు.

"పెట్టండి సామీ" అన్నాడు ఓబులేసు.

దస్తగిరి అడ్డం వచ్చాడు. "కదిలిస్తే దగ్గు తెర వస్తుంది సాహెబ్. నేను టౌన్ నుంచి దూరం సిగ్నల్ కూడా పట్టే వైఫై స్టిక్ తెచ్చాను. నా కంప్యూటర్ ఇక్కడ పెట్టి దానికి తగిలిస్తే చాలు, ఈ మంచం దగ్గరికే నెట్ వస్తుంది. పెద్ద తెర మీద ముఖాలు చూసుకోవచ్చు. పది నిమిషాల పని."

"దగ్గుదేముంది సార్, ఎట్లైనా వచ్చేదే" అన్నాడు ఓబులేసు నెమ్మదిగా.

సాహెబ్ దస్తగిరి ముఖం కాసేపు చూశాడు. లేచి వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఓబులేసు గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన చొక్కా వేయించుకున్నాడు. దస్తగిరి కంప్యూటర్‌ని మంచం పక్కన బల్ల మీద పెట్టి, మూడు గంటలకి స్టిక్ పెట్టె విప్పాడు. బొటనవేలంత స్టిక్, దానికో పొట్టి యాంటెనా, ఒక డిస్కు, మడత పెట్టిన కాగితం. కాగితంలో మొదటి వాక్యమే, పెద్ద అక్షరాలతో: ముందు డిస్కు వేసి డ్రైవర్ ఎక్కించండి, ఆ తర్వాతే స్టిక్ పెట్టండి. ఆ స్టిక్‌తో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కి నేర్పే ప్రోగ్రామే డ్రైవర్.

దస్తగిరి కాగితం చదవలేదు. పద్నాలుగేళ్లు పాఠం చెప్పినవాడికి కాగితం ఎందుకు? స్టిక్ తీసి నేరుగా గుచ్చాడు.

కంప్యూటర్ టింగుమంది. కొత్త వస్తువు ఏదో వచ్చిందంది. తన దగ్గరున్న పాత డ్రైవర్ ఒకటి తెచ్చి దానికి అంటగట్టింది. స్టిక్ మీద దీపం వెలగలేదు. తెర మీద పసుపు రంగు గుర్తు వచ్చి కూర్చుంది.

తప్పు ఎక్కడ జరిగిందో దస్తగిరికి వెంటనే తెలిసింది. పర్వాలేదనుకున్నాడు. స్టిక్ తీశాడు, తప్పుడు డ్రైవర్‌ని తొలగించాడు, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. ముసలి కంప్యూటర్ లేవడానికే ఎనిమిది నిమిషాలు తీసుకుంది. డిస్కు వేద్దామంటే దాని అర తెరుచుకోలేదు. దాని పక్కనున్న చిన్న చిల్లులో గుచ్చి తెరవడానికి గుండుసూది కోసం వెతికాడు. సూది దొరికి, అర తెరుచుకుని, డిస్కు తిరగడం మొదలుపెట్టేసరికి ఆఫీసు గదిలో ఫోన్ మోగింది.

వంట చేసే హుసేనమ్మ వాకిలి దాటి పరుగెత్తుకొచ్చింది. "సారూ, నాగరత్న చేస్తాంది!"

"రెండు నిమిషాలు ఉండమను."

హుసేనమ్మ వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఈసారి నేరుగా మంచం దగ్గరికి వెళ్లింది. "ఓబులేసూ, అన్నం తిన్నావా అని అడుగుతాంది."

ఓబులేసు ముఖం విప్పారింది. "తిన్నానని చెప్పక్కా. పప్పన్నం తిన్నానని చెప్పు. దాని కాలి నొప్పి ఎట్లుందో అడుగు."

హుసేనమ్మ పోయి వచ్చింది. "తగ్గిందంట. నువ్వు చిక్కిపోయినావా అంటాంది."

"లేదని చెప్పు" అన్నాడు ఓబులేసు. అప్పటికి అతని బరువు ముప్పై ఎనిమిది కిలోలు.

దస్తగిరికి ఆ రాకపోకలు చిరాకు పుట్టించాయి. తెర మీద గీత సగం నిండింది. ఇంకాసేపు ఓపిక పడితే అసలు మనిషినే చూపిస్తాడు కదా! "ఉండమ్మా, అటూ ఇటూ పరుగులెందుకు? రెండు నిమిషాల్లో ముఖాలే చూసుకుంటారు. ఆమెను ఫోన్ పెట్టేసి కాచుకోమను, మనమే చేస్తాం" అన్నాడు.

హుసేనమ్మ ఓబులేసు వంక చూసింది. "సార్ చెప్పినట్టే చెయ్ అక్కా" అన్నాడతను.

ఆ సమయంలోనే సాహెబ్ గుమ్మం దాకా వచ్చాడు. కంప్యూటర్ మీదికి వంగిన దస్తగిరి వీపు చూశాడు, తెర వైపే చూస్తున్న ఓబులేసుని చూశాడు. నిలబడ్డాడు, వెళ్లిపోయాడు.

డ్రైవర్ ఎక్కింది. మళ్లీ ఆపి వెయ్యమంది. ఎనిమిది నిమిషాలు. స్టిక్ మీద పచ్చ దీపం వెలిగింది. నెట్ పేర్ల పట్టీలో మఠం పేరు కనబడింది, కానీ గోడ మందానికి సిగ్నల్ ఒక్క గీతే ఉంది. దస్తగిరి పొడవాటి వైరు తెచ్చి, స్టిక్‌ని దాని కొసకి తగిలించి, కిటికీ ఊచకి కట్టాడు. యాంటెనాని ఆఫీసు గది వైపు తిప్పాడు. మూడు గీతలు వచ్చాయి. పాస్‌వర్డ్ కొట్టాడు. ఒక అక్షరం తప్పు పడింది, మళ్లీ కొట్టాడు. కలిసింది.

"వచ్చింది ఓబులేసూ, వచ్చింది!" అని అరిచాడు. ఆ అరుపులో సంతోషం ఓబులేసు కోసమేనని అతను నమ్మాడు.

నాగరత్నకి కాల్ చేశాడు. తెర మీద గుండ్రం తిరిగింది. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. గోడ గడియారంలో నాలుగూ మూడు నిమిషాలు.

 ఓబులేసు తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. "పోనీలే సార్. చానా కష్టపడినారు. వచ్చే వారం చూస్తాంలే." చొక్కా గుండీలు తనే ఒక్కొక్కటిగా విప్పుకున్నాడు.

ఆ తర్వాత నాలుగు రోజులూ దస్తగిరి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కంప్యూటర్ వేసి చూసుకునేవాడు. నెట్ చెక్కుచెదరలేదు. కిటికీ దగ్గర పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి, హుసేనమ్మ గంజి తాగిస్తుండగా, ఓబులేసు పోయాడు. ఊరి నుంచి అన్న వచ్చి తీసుకుపోయాడు. నాగరత్నకి కబురు చెప్పే దారి లేదు. యజమానురాలి ఫోన్‌కి పదిసార్లు చేశారు, ఎవరూ ఎత్తలేదు.

శుక్రవారం మూడు గంటలకి దస్తగిరి సాహెబ్ ముందుకొచ్చి కూర్చున్నాడు. రెండు రోజులుగా అతను సరిగ్గా తినలేదు.

"సాహెబ్, ఒక్క ముక్క చెప్పండి. నేనతని మంచి కోరే కదా చేశాను? ఆ అరగంటలో నేనేం చేసి ఉండాల్సింది?"

సాహెబ్ లేచాడు. మంచాల గదిలోకి నడిచాడు. దస్తగిరి వెనకే వెళ్లాడు. ఓబులేసు మంచం ఖాళీగా ఉంది. దాని మీద గళ్ల దుప్పటి మడిచి ఉంది. సాహెబ్ తలవైపు వంగి రెండు కోళ్లు పట్టుకున్నాడు.

"ఆ పక్క పట్టుకో."

ఇద్దరూ మంచం ఎత్తారు. నవారు మంచం, బరువేమీ లేదు. గుమ్మం దగ్గర కాస్త వంచాల్సి వచ్చింది. వాకిలి దాటారు. కోడి ఒకటి అడ్డం వచ్చి తప్పుకుంది. ఆఫీసు గదిలో బల్ల పక్కన మంచం దించారు.

అంతే. ఓ నిమిషం పట్టిందేమో.

దస్తగిరి మంచం కోడు వదల్లేదు. అలాగే వంగి నిలబడ్డాడు. కాసేపటికి అతని భుజాలు కదిలాయి. సాహెబ్ ఓదార్చలేదు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

"తప్పు నీ ఒక్కడిదే కాదు నాయనా" అన్నాడు సాహెబ్. "ఆ రోజు గుమ్మం దాకా వచ్చినా. మంచం ఎత్తుదాం రమ్మని నోటిదాకా వచ్చింది. పోనీ, పిల్లోడికి దెబ్బ తగిలితే తెలిసొస్తుందిలే అనుకుని వెనక్కి పోయినా. నీకు పాఠం చెప్పాలని వాడి అరగంట ఖర్చు పెట్టినా. నలభై ఏళ్లు గురువు గురువు అనిపించుకున్నాక వచ్చే రోగం ఇది."

దస్తగిరి తలెత్తి చూశాడు. సాహెబ్ ఖాళీ మంచం ముందు మోకాళ్ల మీద కూర్చుని, మడిచిన దుప్పటి మీద నుదురు ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

మూడున్నరకి బల్ల మీది ఫోన్ మోగింది.

హుసేనమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దస్తగిరి ఫోన్ ఎత్తాడు. తెర మీద నాగరత్న ముఖం, ఒక్క మరక లేకుండా, స్పష్టంగా వచ్చింది. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని ఉంది.

"సారూ, బాగుండారా? పోయిన వారం మాటే కలవలేదు. వారమంతా ఒకటే దిగులు. ఆయన యాడ?"

 దస్తగిరి చేతిలో ఫోన్ కాస్త పక్కకి వాలింది.

"అదో, ఆయన మంచం కదూ అది? దుప్పటి నేను పంపిందే!" నాగరత్న ముఖం ఇంకా దగ్గరికి వచ్చింది. కళ్లు మెరిశాయి. "మంచం ఖాళీగా ఉందే... లేచి తిరుగుతాండాడా సార్?"

దస్తగిరి నిస్సహాయంగా గురువు వైపు తిరిగాడు. సాహెబ్ వచ్చి అతని పక్కన, భుజానికి భుజం ఆనించి, తన ముఖం కూడా ఆమెకి కనబడేలా కూర్చున్నాడు.

"చెప్పు నాయనా" అన్నాడు. "ఆమెకి అరగంటే ఉంది."