భ్రమరాంబగారి ముక్కు

చిదంబరం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. విననట్టే ఉంటారు. రెండు రోజులకో వారానికో మనల్ని ఎక్కడికో వెంటబెట్టుకు వెళ్తారు, అక్కడ ఏదో జరుగుతుంది, అదే జవాబనుకోవాలి. అనుకోకపోతే మన ఖర్మ. ముప్ఫై ఏళ్ళు పద్యనాటకాలకి ముఖాలు దిద్దిన మనిషి ఆయన. నాటకాలు తగ్గాక తెనాలిలో ఒక మేడగది అద్దెకి తీసుకుని పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ మేకప్ చెయ్యడం, వచ్చినవాళ్ళకి ఆ పని నేర్పడం మొదలుపెట్టారు. నేను నాటకాల రోజుల నుంచీ ఆయన వెంట ఉన్నవాణ్ణి. పేరు అప్పయ్య. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

ఆ ఏడు మా దగ్గర సుగుణ అనే అమ్మాయి పని నేర్చుకునేది. పాతికేళ్ళుంటాయి. చెయ్యి చాలా మంచిది, ప్రశ్నలే భరించలేం. ఒక పొద్దున బ్రష్షులు కడుగుతూ అడిగింది:

"మాస్టారూ, ముక్కు వెడల్పుగా ఉన్నవాళ్ళు సన్నగా చూపించమని వస్తారు. అటూ ఇటూ ముదురు రంగు వేసి, మధ్యలో లేతరంగు గీత లాగి చూపిస్తాం. కాంటూరింగ్ అని పేరు పెట్టుకున్నాం గానీ, లేనిది ఉన్నట్టు చూపించడమే కదా ఇది? మోసం కాదా?"

మాస్టారు తడి బ్రష్షుని గుడ్డకి అద్దుతూ ఉండిపోయారు. నేను ఊరుకుంటేనా? "నాటకంలో గడ్డం అతికిస్తే మోసమంటావా?" అన్నాను. "నాటకానికి వచ్చినవాళ్ళకి అది నాటకమని తెలుసు కదా అప్పయ్యగారూ. పెళ్ళికి వచ్చినవాళ్ళకి ఏం తెలుసు?" అంది. ఆ పూటంతా ఆ పిల్ల మీద చిరాగ్గానే ఉంది.

మధ్యాహ్నం మెట్లెక్కి ఒకావిడ వచ్చారు. యాభై అయిదేళ్ళ మనిషి. పైటచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉన్నారు. మా గదిలో జిగురు వాసన, అందుకేమో అనుకున్నాను. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగాక కూడా చెంగు మళ్ళీ అక్కడికే వెళ్ళింది. పేరు భ్రమరాంబ. భర్త పూర్ణచంద్రరావుగారు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. పై గురువారం ఆయనకి షష్టిపూర్తి. ఈవిడ పీటల మీద కూర్చుని ఆయన చేత మళ్ళీ తాళి కట్టించుకోవాలి.

"నా ముక్కు సన్నగా కనబడాలండీ. ఒక్క పూట చాలు," అన్నారు.

ఎందుకని మేమెవరం అడగలేదు. ఆవిడే చెప్పారు. వాళ్ళ అత్తవారింట ఏడు రాళ్ళ బేసరి ఒకటి ఉందట, పాతకాలపు పెద్ద ముక్కుపుడక. అది పెద్దాడపడుచు దగ్గర ఉంటుంది. ఇంటి కోడలు తాళి కట్టించుకునే వేళ ఆ ఆడపడుచే తెచ్చి ముక్కుకి పెట్టాలి. అది వాళ్ళ ఆనవాయితీ. "ముప్ఫై ఆరేళ్ళ కిందట పీటల మీద నాకు పెట్టింది మా వదినగారు. పెట్టి, 'పరవాలేదర్రా, ఎంత పెద్ద బేసరి అయినా ఈ పిల్ల ముక్కు మీద చోటుకేం కొదవలేదు' అంది. పందిరంతా నవ్వారు. వాళ్ళు నవ్వితే నాకేం? పక్కన కూర్చున్న ఈయన కూడా నవ్వారండీ."

చెంగు సర్దుకుని మళ్ళీ అన్నారు. "మనిషి మంచివాడే. ఒక్కనాడు పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ నవ్వు నాకింకా వినబడుతూనే ఉంటుంది. మా ఇంట్లో ఏ ఫోటో అయినా చూడండి, నాకు చెయ్యో చెంగో అడ్డం ఉంటుంది. ఈసారి ఫోటో నా ముఖంతో గోడకి పెట్టుకోవాలని ఉంది. మీకూ నవ్వొస్తోందా?"

"లేదమ్మా," అన్నారు మాస్టారు. "మా సుగుణ వచ్చి చేస్తుంది."

మోసమన్న పిల్లకే ఆ పని అప్పజెప్పారు. సుగుణ తెల్లబోయి చూసింది గానీ, ఆవిడ ముందు కాదనలేకపోయింది.

గురువారం కల్యాణమంటపంలో హోమం అయింది. దంపతులిద్దరికీ కలశాల నీళ్ళతో స్నానాలు చేయించారు. ఇక కొత్తబట్టలు కట్టుకుని మాంగల్యధారణకి కూర్చోవాలి. ఈ మధ్యలో మా చేతికి దొరికింది ముప్పావు గంట. సుగుణ భ్రమరాంబగారిని మంటపం పక్కగదిలో అద్దం ముందు కూర్చోబెట్టి, ఒంటి మీది నగలన్నీ తీయించింది. ముక్కున ఉన్న చిన్న ఒంటిరాయి పుడక కూడా తీయించింది. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న పిల్లలంతా అలాగే చేస్తారు. ఆ వీడియోల్లో అమ్మాయిల ముక్కులకి పుడకలుండవు మరి. మా నాటకాల పద్ధతి వేరు. నగ పెట్టాకే రంగు. నగ ఎక్కడుందో చూసుకుని దానికి తగ్గట్టు ముఖం దిద్దాలి. చెబుదామని నోరు తెరిచాను. "అప్పయ్యా, ఆటోలో నా కళ్ళజోడు మర్చిపోయినట్టున్నాను, చూసిరా," అన్నారు మాస్టారు. కళ్ళజోడు ఆయన జేబులోనే కనబడుతోంది. అయినా వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి పని సగం అయిపోయింది. ఉన్నమాట చెప్పాలి, అంత నాణ్యంగా చేసిన చెయ్యి నేను చాలా తక్కువ చూశాను. కనుబొమల దగ్గర మొదలుపెట్టి ముక్కుదూలానికి రెండు పక్కలా ముదురు రంగు సన్నగా దించింది. ముక్కుపుటాల మీద ఇంకాస్త ముదురు వేసి, స్పాంజితో అద్ది అద్ది చెంపల్లోకి కలిపేసింది. ఎక్కడ రంగు మొదలైందో ఎక్కడ ఆగిందో కంటికి ఆనదు. మధ్యలో లేతరంగు గీత ఒక్కటి పడేసరికి ముక్కు కోటేరు వేసినట్టు తేలింది. భ్రమరాంబగారు అద్దంలో ఇటు తిరిగి చూసుకున్నారు, అటు తిరిగి చూసుకున్నారు. చెంగు తీసి నడుముకి దోపుకుని, "ఆ ఫోటో అబ్బాయిని పిలవండి," అన్నారు. అతను వచ్చి మూడు ఫోటోలు తీశాడు. మూడింటికీ ఆవిడ తల ఎత్తే ఉన్నారు. సుగుణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పీటల మీదికి వెళ్ళాక వచ్చింది అసలు తిప్పలు. ఆడపడుచు సీతారావమ్మగారు డెబ్బై దాటిన నిండు మనిషి. భరిణె తెరిచి, బేసరి తీసి కళ్ళకద్దుకుని, మరదలి ముక్కుకి పెట్టి, శీల బిగించి, ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. మేమూ చూశాం. బేసరి దాని చోట్లో అది ఉంది, ముప్ఫై ఆరేళ్ళ కిందట పెట్టిన చోట్లో. కానీ సుగుణ దిద్దిన ముక్కు అంతకు గోరంత ఇవతలే ఆగిపోయింది. ఆ రాళ్ళ బేసరి ముక్కుతో ఏ సంబంధమూ లేనట్టు చెంప మీద కూర్చుని మెరుస్తోంది.

"ఇదేమిటే భ్రమరా! బేసరి చెంపకి పెట్టానా ఏమిటి? నీ ముక్కేదీ?" అంది సీతారావమ్మగారు. వేళాకోళానికి కాదు, నిజంగానే బిత్తరపోయింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వెనక వరసలదాకా పాకింది.

సుగుణ నా చెయ్యి పట్టుకుంది. "మాస్టారూ, నా వల్లే. నేను వెళ్ళి సరిచేస్తాను," అంది. "ఆగు," అన్నారు మాస్టారు. నాకు ఆయన మీద పట్టలేనంత కోపం వచ్చింది. తెలిసి తెలిసి ఒక పెద్దావిడని నలుగురిలో నవ్వులపాలు చేస్తారా ఎవరైనా?

భ్రమరాంబగారి చెయ్యి చెంగు కోసం లేచింది. సగందాకా లేచి ఆగింది. ఆ చేత్తోనే బేసరి శీల విప్పుకుని, తీసి, ఆడపడుచు అరచేతిలో పెట్టారు. "ఇవాళ నా ముక్కు మీద చోటు చాల్లేదు వదినగారూ. మీ దగ్గరే ఉంచండి." పురోహితుడి మైకు ఆవిడ పక్కనే ఉంది. మాట మంటపం అంతా వినబడింది.

"అదేం మాటే? చోటేమిటి?"

"ఆనాడు మీరన్న మాటే."

"నేనా? నేనేమన్నాను? ఎప్పుడన్నాను?"

బుకాయింపు కాదది. ఆవిడకి నిజంగా గుర్తులేదు. అది చూసేసరికి భ్రమరాంబగారి ముఖం వాడిపోయింది. నవ్విన నవ్వుకి కాదు, ఇందుకు. ఇన్నేళ్ళుగా ఎవరి మాట మోస్తూ వచ్చారో, ఆ మనిషికే ఆ మాట జ్ఞాపకం లేదు. ఇక ఎవరిని అడగాలి? ఏమని అడగాలి? నవ్వేవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు పూర్ణచంద్రరావుగారు తల ఎత్తారు. అంతదాకా ఆయన చేతిలోని తాళిబొట్టు కేసి చూస్తూ కూర్చున్నారు.

"అన్నావక్కయ్యా," అన్నారు. "చోటుకి కొదవలేదన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." భార్య వైపు తిరిగి అన్నారు. "నవ్వాక నీ ముఖం చూశాను. ఆవేళే చెప్పాల్సింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇంతదాకా తెచ్చాను. తప్పయిపోయింది భ్రమరా."

ఆ మాట కూడా మైకులోంచే వెళ్ళింది. మంటపంలో ఎవరూ నవ్వలేదు. పురోహితుడు గడియారం చూసుకుని, "ఇంకా పన్నెండు నిమిషాలుంది ముహూర్తానికి," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

భ్రమరాంబగారు మా కేసి చూసి, "అమ్మాయ్, తడిగుడ్డ ఉందా?" అని పిలిచారు. సుగుణ పరిగెత్తింది. "అయిదే నిమిషాలు కూర్చోండమ్మా, బేసరిదాకా రంగు జరిపి సరిచేసేస్తాను. ఎవరికీ తెలీదు," అంది.

"వద్దమ్మా. నీ పనికి వంక పెట్టేదేం లేదు. చాలా బాగా కుదిరింది," అని గుడ్డ అందుకున్నారు.

అద్దం అడగలేదు. అందరూ చూస్తుండగానే, వంటగట్టు తుడిచినట్టు గట్టిగా, మూడుసార్లు తుడుచుకున్నారు. తెల్లగుడ్డ మట్టిరంగుకి తిరిగింది. ముక్కు తన వెడల్పు అంతటితోనూ బయటికొచ్చింది. సుగుణ కాస్త పౌడరు అద్ది, బొట్టు సరిచేసి పక్కకి జరిగింది. భ్రమరాంబగారు ఆడపడుచు కేసి చెయ్యి చాచి, "ఇలా ఇవ్వండి," అన్నారు. ఆవిడ ఇవ్వలేదు. వంగి తనే పెట్టింది.

"నాకు నిజంగా గుర్తులేదే భ్రమరా. ఒట్టు," అంది.

"పోనిద్దురూ వదినగారూ. ఈయనకి గుర్తుంది కదా. నాకదే కావలసింది," అన్నారు భ్రమరాంబగారు. అని, ఏడ్చేశారు. ఏడుస్తూనే భర్త కేసి తిరిగి కూర్చున్నారు. ఆయన తాళి కట్టారు. మేళం మోగింది. ఫోటో అబ్బాయి మెట్టెక్కి వచ్చి దగ్గర్నుంచి తీసుకున్నాడు. చెంగు ఆవిడ నడుముకే ఉంది. గోడకి ఏ ఫోటో ఎక్కిందో మాత్రం నాకు తెలీదు, ఆ గదిలో తీసిందో, ఈ పీటల మీద తీసిందో.

భోజనాలయ్యాక ముగ్గురం ఆటోలో వెనక్కి వస్తున్నాం. నేను మాస్టారితో మాట్లాడడం మానేసి కూర్చున్నాను. మనసులో కోపం పోయింది గానీ, పోయిందని ఒప్పుకోవడం ఇష్టం లేదు. రైలు గేటు పడింది. ఆటో ఆగింది. రంగుల పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సుగుణ అప్పుడు నోరు విప్పింది.

"నగ పెట్టాకే రంగు వెయ్యాలని మీకు తెలుసు మాస్టారూ. తెలిసీ నాకు చెప్పలేదు."

మాస్టారు గేటు కేసి చూస్తున్నారు.

"మొన్న మోసం కాదా అని అడిగాను. ఇవాళ ఆ మాట అటుంచండి. నేను వేసింది అసలు దేనికైనా పనికొచ్చిందా లేదా, అదే అర్థం కావడంలేదు. ముప్పావు గంట వేశాను. ఆవిడ నిమిషంలో తుడిచేశారు."

గూడ్సు బండి వచ్చింది. పెట్టెలన్నీ వెళ్ళిపోయేదాకా ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. గేటు లేచింది. ఆటో కదిలాక మాస్టారు జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు:

"తుడవాలంటే ముందు ఏదో ఒకటి ఉండాలి కదమ్మా."