ఎలుగు పెద్ద పెట్టిన గానుగ

ఏటికి ఇవతల ఇప్పవనం ఉంది. పని చెయ్యకుండా బతకడం ఎలాగో అక్కడి జంతువులన్నిటికీ తెలుసు. వాటి పెద్ద, ఎలుగు గుండయ్యకి మరీ బాగా తెలుసు. వేసవి మొదట్లో పూలు రాలతాయి, తర్వాత కాయలు పండి గింజలు రాలతాయి. చెట్టు కింద నడుం వాల్చితే చాలు, సిరి వచ్చి పొట్ట మీద పడుతుంది. గుండయ్య చెట్టెక్కి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు. పొట్ట అడ్డమొస్తోందని ఎవరైనా అనేలోపు, "ఈ హోదాలో చెట్లెక్కితే ఏం బావుంటుంది?" అని తనే అనేసేవాడు.

ఆ గింజల్ని ఏటవతలి నక్క పాపయ్య పట్టుకెళ్లి, గానుగాడించి, నూనె చేసి తిరిగి ఇక్కడికే తెచ్చేవాడు. వానాకాలం బురదలో గిట్టలు కుళ్లకుండా ఉండాలంటే ఆ నూనె రాసుకోవాల్సిందే. బోలెడు తట్టల గింజలిస్తే ఒక్క ముంత నూనె వచ్చేది. "చూశారా, మన గింజకి ఏటవతల కూడా ఎంత గిరాకీయో!" అని గుండయ్య రొమ్ము విరుచుకునేవాడు.

కిందటి వానల్లో పాపయ్య సగం ముంతలే తెచ్చాడు. గిట్టలు పుళ్లు పడి, దుప్పి గౌరమ్మ పెద్ద పిల్ల పరుగెత్తలేక చిరుత నోట పడింది. వేసవి రాగానే గౌరమ్మ అందరి ముందూ నిలబడి అడిగింది.

"పెద్దయ్యా, ఇన్ని గింజల మధ్య కూర్చుని నూనె లేక చావాలా మేం? నాకింకో పిల్ల ఉంది. ఈసారేం చేస్తావు?"

అప్పుడు ముసలి ఎద్దు కోటప్ప ముందుకొచ్చాడు. ఊళ్లో గానుగ తిప్పి తిప్పి విసిగి, అడవికి పారిపోయి వచ్చినవాడతను.

"గానుగ మనమే పెట్టుకుందాం పెద్దయ్యా. మొద్దు తొలిస్తే రోలవుతుంది, దుంగ చెక్కితే రోకలవుతుంది. తిప్పడం నాకు కళ్లు మూసుకున్నా వచ్చు."

"నీ చేత కళ్లకి గంతలు కట్టే తిప్పించారులే," అన్నాడు గుండయ్య. అయినా ఒప్పుకున్నాడు. వేరే దారి లేదు.

నెల తిరిగేసరికి గానుగ లేచింది. తోరణాలు కట్టారు. గుండయ్య పూలదండ వేసుకుని, సొంత పరిశ్రమ మీద గంటసేపు ఉపన్యాసం దంచాడు. కోటప్ప కాడి మెడకెత్తుకుని, "ఇక గింజలు పొయ్యండి," అన్నాడు.

అందరూ గుండయ్య వైపు చూశారు. గుండయ్యకి అప్పుడు గుర్తొచ్చింది.

ఇప్పవనంలో బేరాలన్నీ పూల కాలంలోనే అవుతాయి. అది ఆచారం. ఇప్పపూలు కడుపారా మెక్కి అడవంతా మత్తులో ఊగుతున్నప్పుడు పాపయ్య తాటాకు పట్టుకుని వస్తాడు. ఈ ఏడూ వచ్చాడు. "రాలిన ప్రతి గింజా నాదని ఓ పంజా ముద్ర వెయ్యండి పెద్దయ్యా. చెట్టెక్కి కోసే శ్రమ మీకెందుకు? రాలినవే చాలు నాకు," అన్నాడు. గుండయ్య ఒకటి అడిగితే రెండు ముద్రలు వేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు.

మాట తప్పడానికి లేదు. వేసవిలో నీళ్లుండే మడుగు అవతలి గట్టున ఉంది. తప్పితే అటు రానివ్వరు. తొలి విడత గింజల్ని పాపయ్య గాడిదలు అప్పుడే ఏరు దాటించేశాయి.

గుండయ్య పాపయ్య దగ్గరికి పరుగెత్తాడు. "కొన్ని తట్టల గింజలిప్పించు."

"అయ్యో, దానికేం! ముంత నూనెకి రెండు తట్టలిస్తాను."

"నూనె లేకే కదయ్యా గింజలడుగుతున్నాను!"

"అయితే నా దగ్గర నూనె కొనుక్కోండి, అదిచ్చి గింజలు కొనుక్కోండి."

గుండయ్యకి అది సబబుగానే తోచింది. సగం ఏరు దాటాక గానీ ఎక్కడో తేడా ఉందని అనుమానం రాలేదు.

ఇవతల గట్టున గౌరమ్మ కాచుకుని ఉంది. ఆమెకి ఏం చెప్పాలో తెలియక ఎలుగు పెద్ద అడ్డదారిన పోయి, రెండుసార్లు జారి, మూడోసారి ఓ ఇప్పచెట్టెక్కి ఆకుల్లో నక్కాడు. కానీ అంత ఒళ్లు ఆకులకేం దాగుతుంది? గౌరమ్మ చెట్టు కిందికి వచ్చేసింది.

"దిగు పెద్దయ్యా. చూశాను."

ఇంకాస్త ముడుచుకోబోతే పండిన కాయల గుత్తి మొహానికి తగిలింది. గుండయ్య దాన్ని తోసేయబోయి ఆగాడు. కాయ చిదిమి చూశాడు. లోపల గింజ నిగనిగలాడుతోంది.

"గౌరమ్మా! ఇవి రాలలేదు!"

"నువ్వు రాలకుండా చూసుకో ముందు!"

"అది కాదే! రాలినవే అతనివి. కోసినవి మనవి!"

వారం రోజులు ఎలుగులు, కోతులు, ఉడతలు కొమ్మ కొమ్మా గాలించి కాయలు కోశాయి. కోటప్ప గానుగ తిప్పాడు. తొలి ముంత నిండగానే గుండయ్య మోకాళ్ల మీద కూర్చుని, గౌరమ్మ చిన్న పిల్ల గిట్టలకి తన చేత్తోనే నూనె రాశాడు. గౌరమ్మ పిల్లని ఇంకాస్త అతని దగ్గరికి జరిపింది. అదే అతనికి కళ్లనీళ్లు తెప్పించింది.

"ఒక ఏడు చెట్లు కాయకపోతేనో?" అన్నాడు కోటప్ప. దాంతో అమ్ముకోవడానికి ఇంకో సరుకూ ఉండాలని కుందేళ్లు అడ్డాకు విస్తళ్లు కుట్టడం మొదలెట్టాయి, కోతులు నార తాళ్లు పేనాయి.

పాపయ్య గాడిదలతో వచ్చేసరికి నేల మీద నాలుగు గింజలున్నాయి.

"ఇదేం అన్యాయం పెద్దయ్యా! ముద్ర వేశారు కదా!"

"వేశాను. రాలినవి నీవే, ఏరుకో. ఆ మాట రాసింది నువ్వేగా."

పాపయ్య మొహం మాడ్చుకుని, అంతలోనే తేరుకున్నాడు. "పోనీ, మీ నూనె నేనే కొంటాను. ఏం తీసుకుంటారు?"

"నన్నడక్కు, ఇట్టే ఒప్పేసుకుంటాను. కోటప్పని అడుగు."

కోటప్ప గానుగ ఆపకుండానే ధర చెప్పాడు. అది విన్న పాపయ్య ఖాళీ తట్టలతో ఏరు దాటాడు.

బొబ్బలెక్కిన అరచేతులకి నూనె రాసుకుంటూ గుండయ్య నవ్వాడు. "ఇన్నేళ్లూ పాపయ్య నన్ను మోసం చేశాడనుకుంటున్నాను. పాపం, ఆ మోసంలో సగం పైగా కష్టం నాదే కదా!"

నీతి: సంపద నేల మీద రాలితే చాలదు, దాన్ని సరుకుగా మార్చే పని సొంత చేతుల్లో ఉండాలి.