క్యాసెట్ అట్ట మీది అమ్మ

కోనసీమలో ఒక చిన్న రేడియో కేంద్రంలో శేషగిరి అనే ఉద్యోగి ఉండేవాడు. పనిలో చురుకే గానీ, ఇతరులు ఓపికగా చేసే పనంటే అతనికి చులకన. పాత క్యాసెట్లలోని పాటల్ని అతను కంప్యూటర్‌లోకి ఎక్కించేవాడు. ఒక్కో పాటకు ఆ క్యాసెట్ అట్ట మీది బొమ్మను మెహరున్నీసా జతచేసేది. ఆవిడ ప్రతి అట్టనూ తుడిచి, ఫోటో తీసి, పేరు సరిచూసి మరీ పెట్టేది.

"పాట వినేది చెవులతో కదండీ. ఈ బొమ్మలు ఎవరు చూడొచ్చారు?" అని శేషగిరి నవ్వేవాడు.

ఆవిడ సెలవులో ఉండగా కంప్యూటర్‌లో చోటు నిండిపోయింది. శేషగిరి ఎవరినీ అడక్కుండా బొమ్మలన్నీ చెరిపేశాడు.

మర్నాడు కుమారి అనే చేపలమ్మే ఆవిడ రేడియో కేంద్రాన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"నిన్న మీరేసిన పాట మా అమ్మ పాడిందండి. సత్యవేణమ్మ. నాకు ఏడాది నిండకుండానే పోయింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో వరదలో పోయింది. ఆ క్యాసెట్ మీద అమ్మ బొమ్మ ఉండేదంట. ఒక్కసారి చూపిస్తారా?"

శేషగిరి ఆ పాట తెరిచాడు. బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి ఉంది. కుమారి ముందుకు వంగి దాన్నే చూస్తోంది. అట్ట దొరకలేదని చెప్పి పంపేయొచ్చు. కానీ అతనికి నోరు రాలేదు.

"ఉండేదమ్మా. నేనే చెరిపేశాను," అన్నాడు.

కుమారి బల్ల మీద కూలబడింది.

శేషగిరి మెహరున్నీసాకు ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పాడు. ఆవిడ, "కాగితం అట్టలు నేను పారేయలేదు. బీరువా వెనక రేకు పెట్టెలో అక్షరాల వరసన కట్టి పెట్టాను. 'స' కట్ట చూడండి," అంది.

అట్ట దొరికింది. కుమారి దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఎడమ బుగ్గ మీద సొట్ట చూశారా? నాకూ ఉందండి," అంది. కళ్ళు తుడుచుకుని, "మీ మేలు మరవను బాబూ," అని చేతులు జోడించింది.

"ఈ దండం నాకు కాదమ్మా, అట్ట దాచిన మెహరున్నీసా గారికి," అని శేషగిరి మళ్ళీ ఫోన్ కలిపి కుమారి చేతికిచ్చాడు.

చెరిపిన తొమ్మిది వందల బొమ్మల్నీ తిరిగి ఎక్కించడానికి అతనికి రెండు నెలలు పట్టింది. ఆ పని చేసినన్నాళ్ళూ మెహరున్నీసాకు మనసులో దండం పెట్టుకుంటూనే ఉన్నాడు.

నీతి: మన కంటికి పనికిరానిదిగా కనిపించేది మరొకరికి ప్రాణంతో సమానం కావచ్చు, ఎదుటివారి శ్రద్ధను ఎన్నడూ చులకన చేయకూడదు.