సింగమ్మ కోళ్ళపాకలో కొలువు

ఒకానొక రాజ్యం. రాజ్యమనగానే ఏనుగులూ, బురుజులూ ఊహించుకోవద్దు. కుంభగిరి అంటే ఒక కోట, కోటను ఆనుకుని ఒక ఊరు, ఊరిని ఆనుకుని పక్కరాజుగారి పొలాలు. అంతే. దానికి రాజు సమరసింహ భూపతి. ఆయన ఏ సమరమూ చూడలేదు. గెలిస్తే ఏం తీసుకుపోవాలో తెలియక పొరుగురాజులెవరూ ఆయన మీదికి రాలేదు.

అయినా దర్పానికి లోటు లేదు. రోహిణీ కార్తెలో కాకులు కూడా అరవడం మానుకుని నీడపట్టున కూర్చునే వేళ, భూపతిగారు ముఖమల్ అంగరఖా తొడుక్కుని, దాని మీద జరీ ఉత్తరీయం వేసుకుని, నెత్తిన కిరీటంతో కొలువు తీరేవారు. రాజు వేసుకుంటే మంత్రి వేసుకోక తప్పదు. మంత్రి వేసుకుంటే దండనాయకుడికీ తప్పదు. మధ్యాహ్నానికి కొలువుకూటం కుడుములు పెట్టిన కుండలా ఉండేది. ఉక్కగా ఉందని ఒక్కరూ అనేవారు కారు. రాజుగారు అనలేదు కదా.

ఆయన ఒంటికి చలువ చేసే పని ఆస్థాన వైద్యుడు గోవర్ధనాచార్యులది. కోటగోడ వెనక ఆయనకొక మూలికల తోట ఉండేది. పుదీనా, కొత్తిమీర, మరువం, దవనం, గట్టు పొడుగునా వట్టివేరు. ఆకులు నూరి రాజుగారికి లేపనం పూసేవాడు. పూశాక దాని మీద అంగరఖా తొడిగేవారు. సాయంత్రానికి లేపనం ఎండి పెచ్చులు కట్టేది.

"గుణం చేస్తున్న లక్షణం ఇదే" అనేవాడు ఆచార్యులు. ఏ జబ్బుకైనా ఆయన ఆ మాటే అనేవాడు. కాదనవలసినవాళ్ళు ఎవరూ తిరిగి వచ్చి కాదనలేదు.

ఆ తోట మీదికి ఇంకెవరూ రాకుండా ఆయన రాజుగారి చేత చాటింపు కూడా వేయించాడు. ఆ ఆకు రాజుగారి ఒంటికి చలువ చేయడానికే. మరి దేనికైనా వాడితే, వాడినవారు పొలిమేర దాటాలి, వారి సొత్తు కోటకు చేరాలి.

తోటగోడకు అవతల సింగమ్మ పెరడు. సింగమ్మకు మొగుడు లేడు, పొలం లేదు. ఉన్నవల్లా కోళ్ళు. గుడ్లు అమ్ముకుని బతికేది. గుడ్డు చిన్నదిగా ఉందని ఎవరైనా సణిగితే, "పెట్టింది నేను కాదు, దాన్నడుగు" అని కోడిని చూపించేది.

కిందటి వేసవిలో ఎండదెబ్బకు సగం కోళ్ళు పోయాయి. ఈ ఏడు మిగిలినవి కూడా నోళ్ళు తెరిచి వగరుస్తూ, రెక్కలు వేలాడేసుకుని నిలబడుతుంటే సింగమ్మ చూడలేకపోయింది. గోడ మీదుగా చెయ్యి చాపింది. వట్టివేళ్ళతో తడికలు అల్లి పాక చుట్టూ కట్టి నీళ్ళతో తడిపింది. పుదీనా, కొత్తిమీర నలిపి మట్టిమూకుళ్ళలోని తాగేనీళ్ళలో వేసింది. గడ్డి మీద మరువం రెమ్మలు, దవనం రెమ్మలు పరిచింది. కోళ్ళు నోళ్ళు మూశాయి. మానేసిన గుడ్లు మళ్ళీ మొదలుపెట్టాయి.

ఒక మధ్యాహ్నం ఆచార్యులు తోటకు వచ్చి చూస్తే పుదీనా మడి గొరిగినట్టు ఉంది. ఆయన పీట వేయించుకుని గోడ మీదుగా తొంగిచూశాడు. అవతల సింగమ్మ గుప్పెడు ఆకు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన వేసిన కేకకు ఒక పెట్ట గుడ్డు కూడా పెట్టిందని ఊళ్ళో అనుకున్నారు. అది నిజమో కాదో పెట్టకే తెలియాలి.

భటులు సింగమ్మను కొలువుకు తెచ్చారు.

"మా తోటలో ఆకు కోశావా?" అన్నారు రాజుగారు.

"కోశాను మారాజా."

"అడిగి తీసుకోవాలని తెలియదా?"

"అడిగితే ఇవ్వరు. ఇవ్వరని తెలిసీ అడిగితే తమ మాట లెక్కచేయనట్టవుతుంది. అందుకని అడగలేదు."

మంత్రికి దగ్గు వచ్చింది. చాలాసేపు తగ్గలేదు.

"మా ఒంటికి పూసే ఆకు కోళ్ళకా? అంటే మేమూ కోళ్ళూ ఒకటేనా?" అని రాజుగారు కొలువంతా కలయజూశారు. అవునంటే తల పోతుంది. కాదంటే, పోల్చిచూసి చెబుతున్నట్టుంటుంది. అందరూ కాళ్ళ వైపు చూసుకున్నారు.

"ఈమెను రేపు పొలిమేర దాటించండి. కోళ్ళను మా వంటశాలకు చేర్చండి."

దండనాయకుడి మొహం కొంచెం వికసించింది. ఆయన భోజనం కోటలోనే.

సింగమ్మ అక్కడే కూలబడింది. "నన్నెక్కడికన్నా తోలండి మారాజా, వాటిని కొయ్యమాకండి. ఎండకు పోకుండా ఇన్నాళ్ళు కాపాడింది కూరకా?"

కొలువులో మాచన్న అని ఒకడున్నాడు. అతని ఉద్యోగం ఏమిటంటే, రాజుగారికి విసుగు పుట్టినప్పుడు మాట్లాడటం, మిగతా వేళల్లో ఊరుకోవడం. మొదటిది బాగానే చేసేవాడు.

"ప్రభూ, తీర్పు దివ్యంగా ఉంది. తమ తాతగారే దిగివచ్చి చెప్పినట్టుంది. కాకపోతే వారి కట్టుబాటు ఒకటి మిగిలిపోయింది" అన్నాడు మాచన్న.

తాతగారి పేరు వినగానే రాజుగారు నిటారుగా కూర్చున్నారు. తాతగారిని తలవకుండా ఆయన అన్నం కూడా ముట్టరు.

"ఏ కట్టుబాటు?"

"నేరం ఎక్కడ జరిగితే అక్కడ, ఏ వేళకు జరిగితే ఆ వేళకు, రాజు నిండు కొలువు దుస్తుల్లో కూర్చుని విచారించాలి. అలా చోటు చూడని తీర్పు చెల్లదన్నారు వారు. ప్రభువులకు తెలియనిదా!"

"తెలియకేం!" అన్నారు రాజుగారు. తెలుసు కూడా. గద్దె ఎక్కినప్పటినుంచీ వింజామర కిందనుంచి లేవడం కుదరక పాటించలేదు. "ఏ వేళకు పట్టుకున్నావు ఆచార్యా?"

"సరిగ్గా నడిమధ్యాహ్నం ప్రభూ!" అన్నాడు ఆచార్యులు, మిట్టమధ్యాహ్నాన్ని తానే కనిపెట్టినట్టు.

"అయితే రేపు నడిమధ్యాహ్నం."

బయటికి వచ్చాక సింగమ్మ మాచన్నను నిలదీసింది. "ఏం బాబూ, ఇక్కడ అడిగింది చాలక నా ఇంట్లో కూడా అడిగిస్తావా?"

"నువ్వు రేపు ఒక్కటే చెయ్యత్తా. తడికలు బాగా తడుపు. అవి ఎండితే నేనేం చేయలేను."

మర్నాడు కొలువు మొత్తం పెరటికి కదిలింది. సింహాసనం గుమ్మంలో పట్టకపోతే గోడ మీదుగా దింపారు. ముత్యాల గొడుగును కూడా అలాగే దింపి విప్పారు. అంతే, నెత్తిన నల్లటి నీడ పరుచుకోగానే కోళ్ళు గద్ద అనుకుని ఒక్కసారిగా గోలపెట్టి చెల్లాచెదురయ్యాయి. ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు.

"తీసెయ్యండా గొడుగు!" అని రాజుగారే అరిచారు. గొడుగు ముడిచాక కోళ్ళు ఒక్కొక్కటే పాకలోకి వెళ్ళి, ఏమీ జరగనట్టు కూర్చున్నాయి.

రాజుగారు ఎండలో సింహాసనం మీద కూర్చున్నారు. దాని వెండిచేతుల మీద చేతులు ఆనించి వెంటనే తీసేశారు.

ఆచార్యులు అభియోగం మొదలుపెట్టాడు. ముందు దేవతాస్తుతి. తరువాత రాజవంశస్తుతి. తరువాత వైద్యశాస్త్రం పుట్టుక. ఆయనకు మాట్లాడే అవకాశం రావడం తక్కువ, వస్తే వదలడం ఇంకా తక్కువ. పుదీనా పుట్టుక దాకా వచ్చేసరికి రాజుగారి కిరీటం కిందనుంచి చెమట ధారకట్టింది. మంత్రి కళ్ళు మూసుకున్నాడు. దండనాయకుడు కత్తి మీద ఆనుకుని, అది వేడెక్కిందని తెలిసి లేచాడు.

"ఆ పాకలో కోళ్ళు అంత హాయిగా ఎలా కూర్చున్నాయి?" అన్నారు రాజుగారు, వినపడీ వినపడనట్టు.

"అదే సాక్ష్యం ప్రభూ" అన్నాడు మాచన్న. "విచారించే ప్రభువు సాక్ష్యాన్ని స్వయంగా లోపలికి వెళ్ళి చూడటం మంచిది."

రాజుగారు ఆ మాట కోసమే ఉన్నట్టు లేచారు. పాక గుమ్మం పొట్టిది. కిరీటం తీయవలసి వచ్చింది. గుమ్మం ఇరుకు కూడా. అంగరఖా తీయవలసి వచ్చింది. ఆ రెండూ సింహాసనం మీద ఉంచి రాజుగారు లోపలికి వంగి వెళ్ళారు.

ఎంతసేపటికీ బయటికి రాలేదు.

తడి వట్టివేళ్ళ మీదుగా వచ్చే గాలి లోపల చల్లగా తిరుగుతోంది. కింద మరువం వాసన. రాజుగారు గడ్డి మీద చతికిలబడి, తడికకు వీపు ఆనించారు. సింగమ్మ పుదీనా నలిపిన మజ్జిగ లోటాతో అందించింది. ఆయన ఎత్తిన లోటా దించలేదు. ఒక ఎర్రపెట్ట వచ్చి ఒడిలో సర్దుకుని కూర్చుంది.

"కానివ్వు ఆచార్యా, వింటున్నాం" అన్నారు లోపలినుంచి.

ఆచార్యులు ఎండలో నిలబడి కొనసాగించాడు. ఈసారి త్వరగానే ముగించాడు.

అప్పుడు మాచన్న గుమ్మం దగ్గరికి వచ్చి వంగాడు. "ప్రభూ, చలువగా ఉందా?"

"ఉంది."

"ఎవరి ఒంటికి?"

"ఎవరి ఒంటికేమిటి, మా ఒంటికే!"

"తోటలో ఆకు ప్రభువుల ఒంటికి చలువ చేయాలని చాటింపు. చేస్తోందని ప్రభువులే సెలవిచ్చారు. మరి సింగమ్మత్త తప్పిన చాటింపు ఏది?"

"కోళ్ళకు కూడా చేస్తోంది కదా!" అని ఆచార్యులు అరిచాడు.

"అది నిజమే. అయితే కోళ్ళను ఎండలోకి పంపించమంటారా ప్రభూ?"

రాజుగారు ఒడిలోకి చూసుకున్నారు. "వద్దు. ఇది ఇప్పుడే కుదురుకుంది."

లోపలినుంచి గొంతు కొంచెం గంభీరంగా వచ్చింది.

"మాచన్నా, అదే తోట, అదే ఆకు. ఇన్నేళ్ళుగా పూయించుకుంటున్నాం. కోళ్ళకున్న సుఖం మాకెందుకు లేదు?"

మంత్రి కళ్ళు తెరిచాడు. ఆచార్యులు భటుల వెనక్కి జరిగాడు. సింగమ్మ చేతిలో లోటా అలాగే ఉండిపోయింది. ఈ జవాబు పొసగకపోతే ఆమెతోపాటు పొలిమేర దాటేవాళ్ళలో మాచన్న కూడా ఉంటాడని అందరికీ తెలుసు.

"ఆచార్యులవారి మందులో లోపం లేదు ప్రభూ. కోళ్ళలో కూడా ప్రత్యేకత ఏమీ లేదు. కాకపోతే వాటికి రాజ్యం లేదు. అందుకని అంగరఖా వేసుకోవలసిన అవసరం రాలేదు."

పాకలోనుంచి ఒక కోడి బయటికి ఎగిరింది. దాని వెనక మరొకటి. ఆ వెనక రాజుగారి నవ్వు వినిపించింది. తడికలు ఊగేటంత నవ్వు. రాజు నవ్వితే మంత్రి నవ్వాలి కనుక మంత్రి నవ్వాడు, దండనాయకుడు నవ్వాడు. ఆచార్యులు కూడా నవ్వాడు, ఎవరి మీదో తెలియకుండానే.

ఎర్రపెట్టను చంకన పెట్టుకుని రాజుగారు బయటికి వచ్చారు. సింగమ్మ ఎక్కడికీ వెళ్ళనక్కరలేదన్నారు. కోళ్ళు ఆమెవే అన్నారు. తోటగోడకు ఈ వైపున ఆకు కోసుకోవడానికి ఒక దిడ్డివాకిలి పెట్టించమనీ, ఎండలు తగ్గేదాకా కొలువులో ఎవరూ ముఖమల్ తొడగనక్కరలేదనీ అక్కడికక్కడే చెప్పారు. మంత్రికి కళ్ళ నీళ్ళు వచ్చాయి. సింగమ్మ దణ్ణం పెట్టి, "ఆ పెట్టను దింపండి మారాజా, అది గుడ్డు పెట్టే వేళ" అంది. రాజుగారు దింపారు.

తరువాత ఆయన మాచన్న వైపు తిరిగారు. "నీ తెలివికి మెచ్చాం. ఎవరక్కడ? మా ఉన్ని శాలువా తెచ్చి ఇతనికి కప్పండి!"

భటులు కాశ్మీరు శాలువా మడతలు విప్పుకుంటూ వచ్చారు. మాచన్న ఒక అడుగు వెనక్కి వేసి చేతులు జోడించాడు.

"ప్రభూ, నేను చేసిన నేరం ఏమిటో సెలవివ్వండి."

రాజుగారు మళ్ళీ నవ్వి, మెళ్ళోని ముత్యాలహారం తీసి అతనికి వేశారు. అయితే రాజు తెప్పించిన శాలువా కప్పకుండా వెనక్కి పోకూడదు కదా. నాలుగు వైపులా చూసి, దాన్ని గోవర్ధనాచార్యులకు కప్పారు. రాజ సన్మానం ఆయనకు అదే మొదటిసారి. సూర్యుడు గుంకేదాకా ఆయన దాన్ని తీయలేదు. ఎలా ఉందని అడిగినవాళ్ళతో, గుణం చేస్తోందన్నాడు.